పోయే పైపు, వచ్చే పైపు

ఏప్రిల్ నెల. నార్కట్‌పల్లి బైపాసు.
తారు మెత్తబడి చెప్పులకు అంటుకునే ఏళ
ఒక ఇల్లు బుసకొట్టుకుంట వచ్చి
మా రేడియేటర్ షెడ్డు ముంగట ఆగింది.
ఇల్లే. కిటికీలకు పరదాలు, లోపల రెండు మంచాలు, ఒక పొయ్యి,
కింద ఆరు చక్రాలు.

తోలేది ఆడమనిషి. స్పితి నుంచట.
సాగర్ చూసి, ఇంకా కిందికి, నేల అయిపోయేదాక పోతదట.
పేరు యాంగ్‌జోమ్ అన్నది.
మౌలాలి మామ నోట్లె పడేసరికి యాదమ్మ అయింది.
ఆమె నవ్వి ఒప్పుకున్నది.

ఇంజను కాగుతుంది, నీళ్లు తాగుతుంది,
కారినట్టు యాడ కనబడదు. గదీ రోగం.

మామ నడుము వంగదు.
మర్రిగూడ దిక్కు బోరు నీళ్లు
చిన్నప్పుడే ఆయన వెన్నుపూసల్ని
ఒకదానికొకటి అతికిచ్చినయి.
అందుకే బండి కిందికి నేను దూరుత,
ఆయన స్టూలు మీద కూసోని చెవుతోటి చూస్తడు.

"రెండు పైపులు ఇంట్లకు పోయినయి మామా,
మంచాల కింద పాముల్లెక్క తిరిగి మళ్ల వస్తున్నయి."
చలికట, ఆమె చెప్పింది.
డీజిలు మంట నీళ్లను కాగబెడ్తది, చిన్న మోటరు తిప్పుతది,
బయట మైనస్ ఇరవై ఐదు, లోపల వెచ్చగ పండుకుంటరు.
నాకు నవ్వాగలే.
గీ ఎండల వెచ్చటి మంచం!
"రెండూ కోసి బిరడా కొడ్దాం మామా, పావుగంట పని."

చాయ్‌ల పడ్డ ఈగను చూసినట్టు చూసిండు.
"ఈడ ఎండ కొడ్తుందని
ఆమె ఊర్లె చలి సచ్చిపోయిందారా?"

పోయే పైపు మీద చెయ్యి పెట్టు. కాలుతుందా?
కాలుతుంది.
వచ్చే పైపు?
సల్లగున్నది.
అయితే నడిమిట్ల ఎవడో కూసున్నడు.
మోటరుకు చెవి పెట్టు, తిరుగుతుందా ఏడుస్తుందా?
క్లాంపులన్ని తడుము. చేతితోటి గాదు, పాత పేపరుతోటి.
రెండో మంచం కింద
పేపరుకు పచ్చటి చుక్క అంటింది.

పైపు మూతి విప్పితే తెల్లటి పెంకులు రాలినయి.
ఏడాది సంది
దారిపొడుగునా ఏ ఊరి బోరు దొరికితే ఆ నీళ్లు పోసిందట.
మామ ఒక పెంకును వేళ్ల నడుమ నలిపిండు,
చానసేపు.
ఏమనలే.

నకిరేకల్ నుంచి నిమ్మ ఉప్పు తెప్పిచ్చి
వేన్నీళ్లల్ల కలిపి మూడుసార్లు తిప్పినం.
మొదలు గంజి, తర్వాత మజ్జిగ, ఆఖరికి నీళ్లు.
కొత్త క్లాంపు బిగిచ్చినం, బ్యాటరీ నీళ్లు, కూలెంటు సగం సగం పోసినం.

ఇంక గాలి మిగిలింది. గాలికి ఎత్తంటే ఇష్టం.
ముందటి చక్రాలు రాళ్ల మీదికెక్కిచ్చి
పైన బుడ్డ స్క్రూ అర సుట్టు వదిలితే
ఒక దగ్గు, ఇంకో దగ్గు,
నురగ,
ఆఖర్న నిండు చుక్క.
"బిగియ్యి."

మంట అంటుకున్నది. వచ్చే పైపు కాలింది.
కానీ వేడి మంచం దాక వచ్చిందా?
"ఎవలన్న పండి చూడాలె" అన్నడు.
నేను ఎనకకు జరిగిన. నలభై రెండు డిగ్రీలు!
ఆయనే నా భుజం పట్టుకొని మెట్లెక్కి
కొట్టేసిన మొద్దు లెక్క ఒరిగిండు.

"వస్తుందా మామా?"
సప్పుడు లేదు.
తొంగి చూస్తే చెమట ధారలు, తెరిచిన నోరు, గురక.
పక్కకు తిరిగి,
మోకాళ్లు జెరంత ముడుచుకొని.
ఇన్నేండ్లల్ల ఆయనను అట్ల చూడలే.
యాదమ్మ పరదా మెల్లగ జరిపింది.

ఇరవై నిమిషాలకు లేచి
ఎవల మొఖం చూడకుండ స్పానరు ఎతికిండు.
బిల్లుల కూలి మూడు గంటలని రాసి
దాంట్ల ఇరవై నిమిషాలు కొట్టేసిండు.
ఎందుకని ఆమె అడిగితే
"గది పని గాదు బిడ్డా."

బండి కదిలినంక గుర్తొచ్చి
కర్ర ఊపుకుంట, లారీల హిందీల అరిచిండు.
చలి ఉన్నా లేకున్నా
నెలకోపారి పది నిమిషాలు ముట్టియ్యి.
తిరగని కీలు పట్టేస్తది.